ఆజ్ఞాపిత ద్వేషము

యూదుద్వేషమనగానే హిట్లరు మనకు స్ఫురించుట సహజము. 1933 మార్చిలో గోబెల్సు అధిపతిగా ప్రచార మంత్రిత్వశాఖ నెలకొల్పబడుటయు, ఆ యేటి అక్టోబరు శాసనముచే యూదులు పత్రికారంగమునుండి బహిష్కృతులగుటయు, సామాన్యుడును కొనగలుగునట్లు 76 మార్కుల వెలకు రేడియోలు విక్రయింపబడుటయు, దేశ జనాభాలో నూటికి ఒక్కరైనను లేని యూదులే సమస్తానర్థములకును మూలమని అహోరాత్రములు ఘోషింపబడుటయు లోకవిదితములు. కావున ఆ విషప్రచారము నాజీ సిద్ధాంతమునకే సహజమైన దుర్గుణమనియు, ఆ సిద్ధాంతముతో పాటే అదియు అంతరించెననియు పలువురు తలంతురు. నా అభిప్రాయము వేఱు. ద్వేషమెచ్చట పుట్టినను, దానిని పోషించి, వలసినపుడు జనులపైకి వదలగల శక్తి, ఎదురాడు గొంతుక లేని ప్రతి ప్రభుత్వమునకును కలదు.

ఇందుకు స్టాలిను కాలపు సోవియట్ రాజ్యమే ప్రబల నిదర్శనము. 1936 నాటి దాని రాజ్యాంగము జాతివిద్వేష ప్రచారమును శిక్షార్హముగ నిర్ణయించెను. 1945 జనవరి 27న ఆష్విట్జ్ మృత్యుశిబిరమును విముక్త మొనర్చినది దాని సైన్యమే. అట్టి రాజ్యము మూడేండ్లు నిండకమునుపే, యుద్ధకాలమున యూదుల ఫాసిస్టు వ్యతిరేక సంఘమునకు అధ్యక్షుడై విదేశములు తిరిగి సోవియట్ పక్షమునకు సహాయము కూడగట్టిన మహానటుడు సాలమన్ మిఖోయెల్సును మిన్‌స్కు నగరమున రహస్యముగ చంపించి, మోటారు ప్రమాదమని నమ్మబలికి, ప్రభుత్వ గౌరవములతో అంత్యక్రియలు జరిపించెను. 1949 జనవరిలో ప్రావ్దా పత్రిక నాటక విమర్శకులు కొందఱిని దేశాభిమాన శూన్యులని నిందించినది మొదలు, యూదు రచయితల కలముపేర్ల ప్రక్కన వారి అసలు పేర్లను అచ్చువేయుట పత్రికలకు పరిపాటి యయ్యెను. యూదుడన్న మాట పలుకకయే ఎవరిని ద్వేషింపవలెనో చదువరులకు బోధపడెను. రాజ్యాంగ నిషేధమును పైకి చెక్కుచెదరక నిలిచెను.

1953 జనవరి 13న అదే ప్రావ్దా తొమ్మండుగురు ప్రసిద్ధ వైద్యుల పేర్లు ప్రకటించి, వారు చికిత్స నెపమున సోవియట్ నాయకులను చంపిరనియు, వారిలో పెక్కుమంది ఒక అమెరికా యూదు ధర్మసంస్థ చేతిలోని వారనియు వ్రాసెను. తొమ్మండుగురిలో ఆర్గురు యూదులు. ఆ ఆర్గురిలో ఇర్వురు 1951లోనే గతించినవారగుటయు ఆ యభియోగమునకు అడ్డు కాలేదు. యూదు వైద్యుల చేతి మందనిన రోగులు భయపడిరి. మార్చి 5న స్టాలిను మరణించెను. ఏప్రిల్ 4న ఆ పత్రికయే, ఆ వైద్యులు నిర్దోషులనియు, వారి నేరాంగీకారములు నిషిద్ధ పద్ధతులచే రాబట్టబడినవనియు ప్రకటించెను. ఈ రెండు ప్రకటనల నడుమ ఏ న్యాయస్థానమును బహిరంగ విచారణ జరుపలేదు. ఏ విలేఖరియు నిజమును వెలికిదీయలేదు. ఆజ్ఞచే పుట్టిన నింద ఆజ్ఞచేతనే అణగెను.

స్వతంత్ర దేశములలో ఈ ద్వేషము లేదా యని ప్రశ్నింపవచ్చును. కలదు. ఫ్రాన్సున 1894లో డ్రేఫసు అను యూదు సైనికోద్యోగిని దేశద్రోహిగ శిక్షించినపుడు, ద్వేషమే వృత్తిగ గల పత్రికలు సంబరపడెను. కాని 1898 జనవరి 13న ఎమిల్ జోలా ఒక దినపత్రికయందు ప్రభుత్వమును సైన్యమును పేరుపేరున నిలదీయగలిగెను. అందులకు ఆయనకు శిక్ష పడెను, దేశము విడువవలసి వచ్చెను; అయినను వాదము ఆగలేదు, 1906లో డ్రేఫసు నిర్దోషిగ తేలెను. పండ్రెండేండ్ల ఆలస్యము గొప్ప న్యాయము కాదు. కాని అది యొక నియంత మరణముకొఱకు వేచియుండ లేదు.

కనుక యూదుద్వేషమును గూర్చి చింతించువారు సహనబోధలతో తృప్తి చెందరాదు. ప్రభుత్వ మొక జాతిని నిందించిన నాడు, మఱునాటి పత్రికలో దానిని ఖండించు హక్కు ఎవరికైన మిగిలియున్నదా యని మొదట విచారింపవలెను. ఆ హక్కు లేనిచోట ద్వేషమును నిషేధించు శాసనము సైతము ద్వేషించువాని చేతిలోనే యుండును.