సత్యవ్రతుడి చేప

మత్స్యావతార కథ నేను క్లాసులో చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు కావస్తోంది. సత్యవ్రత మహారాజు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి బుల్లి చేపపిల్ల వస్తుంది. జాలిపడి కమండలంలో వేసుకుంటాడు. తెల్లారేసరికి అది కమండలంలో పట్టదు. గంగాళంలో వేస్తే గంగాళం చాలదు. చెరువైంది, మడుగైంది, చివరికి సముద్రం. ఇక్కడికి వచ్చేసరికి పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వేవాణ్ణి. మా ఇంటికి ఆస్కార్ చేపలు వచ్చాక ఆ భాగం కొంచెం గంభీరంగానే చెబుతున్నాను.

అమ్మాయి పుట్టినరోజుకని రెండు పిల్లల్ని తెచ్చాను. ఒక్కొక్కటి రెండంగుళాలు. నల్లటి ఒంటిమీద నిప్పురవ్వలు చల్లినట్టు నారింజరంగు మచ్చలు. "ఎంత పెరుగుతాయయ్యా?" అని అడిగితే, "తొట్టె ఎంతుంటే అంతే పెరుగుతాయి మాస్టారూ!" అన్నాడు కొట్టతను. ఎం.ఏ. చదివినవాణ్ణి కదా, వెంటనే నమ్మేశాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజుతొట్టె కూడా అతని దగ్గరే కొన్నాను.

ఆస్కార్ సొంతూరు అమెజాన్ నదీ ప్రాంతం. సిక్లిడ్ కుటుంబానికి చెందింది. మన చెరువుల్లో దొరికే తిలాపియా, కేరళవాళ్ళు ప్రాణం పెట్టే కరిమీను దీనికి దాయాదులే. తిండి బాగుంటే మొదటి ఏడాదిలో నెలకి ఇంచుమించు అంగుళం చొప్పున పెరుగుతుంది. పది, పన్నెండంగుళాలవుతుంది. చక్కగా చూసుకుంటే పదేళ్ళు దాటి బతుకుతుంది. ఇదంతా తర్వాత తెలుసుకున్నదే లెండి. ఎనిమిదో నెలలో అడుగు వెడల్పు తొట్టెలో ఎనిమిదంగుళాల చేపలు రెండు! వెనక్కి తిరగాలంటే ఇరుకు సందులో లారీ తిప్పినట్టే.

తొట్టెనిబట్టి చేప పెరుగుతుందన్న మాటలో నిజం బహు స్వల్పం. ఇరుకులో, మురికిలో పెరుగుదల మందగించే మాట వాస్తవమే. కాని అది సర్దుకుపోవడం కాదు, జబ్బు. తిండిలేక ఎదగని పిల్లవాణ్ణి చూసి "ఇంటికి తగ్గట్టు పెరిగాడు" అంటామా?

అసలు చిక్కు చోటుతో కన్నా నీళ్ళతో ఎక్కువ. చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. మిగిలిన మేత కుళ్ళినా అదే. అది విషం. ఫిల్టరులోని స్పాంజిని అంటిపెట్టుకుని కొన్ని రకాల బాక్టీరియా పెరుగుతాయి. కొన్ని అమ్మోనియాని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే, రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. మరికొన్ని ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తాయి. దీని విషం తక్కువ, కాని పేరుకుపోతుంది. దాన్ని బయటికి పంపడానికి మామూలు ఇళ్ళలో ఉన్న దారి ఒక్కటే: నీళ్ళు మార్చడం. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా సంసారం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఈ సంగతి తెలియక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. నీళ్ళు పచ్చబడ్డాయని ఒక ఆదివారం ఇల్లంతా కలిసి తొట్టె ఖాళీ చేశాం. గాజు తోమాం, గులకరాళ్ళు కడిగాం, స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా పిండాం. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందని తెలుసు. అది మనుషుల బాక్టీరియానీ చేపల బాక్టీరియానీ ఒకేలా చూస్తుందని తట్టలేదు. తొట్టె అద్దంలా మెరిసింది. బుధవారం పొద్దున్నకి ఒక చేప వెల్లకిలా తేలింది. అమ్మాయి బడికి వెళ్ళలేదు. నాతో మాట్లాడనూ లేదు.

మిగిలిన దానికి నెత్తిమీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడ్డాయి. పెద్ద సిక్లిడ్లకి వచ్చే పేరుమోసిన జబ్బే అది. ఒక్క కారణమని తేల్చలేరు. చెడ్డ నీళ్ళు, చాలీచాలని పోషణ, పేగుల్లో చేరే ఒక సూక్ష్మజీవి, వీటన్నిటినీ అనుమానిస్తారు. మనుషులకి అమీబియాసిస్‌లో ఇచ్చే మెట్రోనిడజోల్ కూడా కొందరు వాడతారు. కాని నీళ్ళు బాగుపడకుండా మందొక్కటే పోస్తే వృథా.

అప్పుడు కాగితం మీద లెక్క వేశాను. మా తొట్టెలో గులకరాళ్ళు, పైన వదిలిన ఖాళీ పోగా యాభై లీటర్ల నీళ్ళు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఇరవై అంగుళాల ఎత్తున్న తొట్టెకి 280 లీటర్లు. అదే చేప, అదే మేత, అదే మలినం. చిన్న తొట్టెలో విషం అయిదింతలకు పైగా చిక్కగా ఉంటుంది. ఎదిగిన ఆస్కార్ ఒక్కదానికి కనీసం ఆ పెద్ద తొట్టె కావాలి. రెండో చేపకి అందులో చోటు లేదు. పొడవుకన్నా వెడల్పు చూసుకోండి, చేప తిరగాలి కదా. నీళ్ళ బరువే 280 కిలోలు. గాజు, స్టాండు అదనం. మేడమీద అయితే గది మధ్యలో కాక గోడవారగా, కింద దూలం ఉన్నచోట పెట్టాలి.

కొత్త తొట్టె వచ్చేదాకా, పాతదానిలో వారానికి రెండుసార్లు సగం నీళ్ళు మార్చాను. పెద్దదానిలో వారానికోసారి మూడోవంతు చాలు. మూడోవంతు మారిస్తే అరవై పాళ్ళున్న నైట్రేటు నలభైకి దిగుతుంది. నలభై దాటకుండా చూసుకోవడం మేలు. నీళ్ళని ముందురోజే పట్టి గాలిగొట్టం పెట్టి ఉంచితే క్లోరిన్ పోతుంది. క్లోరమైన్ కలిపే ఊళ్ళలో మాత్రం ఇది పనిచెయ్యదు, మందు కలపాల్సిందే. స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే మెల్లగా పిండాలి. కరెంటు పోతే ఆ బాక్టీరియా కూడా ఊపిరాడక కొన్ని గంటల్లో చావడం మొదలవుతుంది. వేసవిలో మరీ ప్రమాదం. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ నిలుస్తుంది. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

మేత దగ్గర ఆస్కార్ మహానటుడు. మనిషిని గుర్తుపడుతుంది, గాజు దగ్గరికొచ్చి తోకాడిస్తుంది, వారం రోజులుగా పస్తున్నట్టు చూస్తుంది. మా అమ్మ ఆ చూపుకి కరిగిపోయి పప్పన్నం ముద్ద కూడా వెయ్యబోయింది. ఎదిగినదానికి రోజుకోసారి, రెండు నిమిషాల్లో తినగలిగినన్ని గుళికలు చాలు. అప్పుడప్పుడు వానపాము వేస్తే పండగే. కోడిమాంసం వద్దు, ఆ కొవ్వు దానికి అరగదు. బతికున్న గోల్డుఫిష్‌ను వేసి చూడటం కొందరికి సరదా. దానితో జబ్బులు రావచ్చు, బి-1 విటమిన్ను విరిచే పదార్థమూ వస్తుంది. వారానికొకరోజు ఉపవాసం మంచిది. మా అమ్మ ఏకాదశి నాడు దానికీ మేత ఆపించి, ఆ లెక్కన కొంత సమాధానపడింది.

నాలుగడుగుల తొట్టెకి చోటు లేనివాళ్ళు ఆస్కార్ జోలికే పోవద్దని నా మాట. సిక్లిడ్లే కావాలంటే మూడంగుళాలు దాటని రామ్ చేపల జంట రెండడుగుల తొట్టెలో ముచ్చటగా ఉంటుంది. ఇప్పటికే కొనేసినవాళ్ళు పెద్ద తొట్టె ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్యండి. చెరువులోనో కాలవలోనో మాత్రం వదలకండి. ఇక్కడ సత్యవ్రతుడు మనకి ఆదర్శం కాడు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, అక్వేరియంలలోంచి బయటపడ్డ సక్కరు చేప ఇవాళ మన చెరువుల్లో చేస్తున్న ఆగడం జాలరుల్నడిగితే చెబుతారు.

మా చేప నెత్తిమీది గుంటలు నాలుగు నెలలకి పూడాయి. సన్నటి మచ్చలు మాత్రం మిగిలాయి. కొత్త తొట్టె కోసం హాల్లో గోడవారగా ఉన్న నా పుస్తకాల బీరువా ఒకటి వరండాలోకి వెళ్ళింది. నిన్న అమ్మాయి టేపు తెచ్చి గాజు బయటినుంచే కొలిచి, "నాన్నా, పదకొండంగుళాలు!" అంది. మా ఆవిడ ఏమీ అనలేదు. నా రెండో బీరువా వైపు చూసింది.