స్పెల్లింగుకూ సంధి చెప్పండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో చాలామంది పిల్లలు ఇంగ్లిష్ స్పెల్లింగులను ఇప్పటికీ బట్టీ పడుతున్నారు. తప్పు రాస్తే ఇంపోజిషన్. హోపింగ్‌లో చివరి ఈ ఎందుకు పోయిందో, హోప్‌ఫుల్‌లో ఎందుకు మిగిలిందో ఎవరూ చెప్పరు. దానికి సూత్రం ఉంది. పైగా అది మన పిల్లల నోట రోజూ ఆడేదే.

వాడు, ఎవడు కలిస్తే వాడెవడు. అచ్చు ఎదురైతే ఉకారం తప్పుకుంటుంది. హోప్ చివర పలకని ఈ కూడా ఐఎన్‌జీలోని అచ్చు ఎదురుకాగానే తప్పుకుంటుంది. ఎఫ్‌యూఎల్ హల్లుతో మొదలవుతుంది కనుక దాని ముందు ఈ కదలదు. కుప్పం తరగతుల్లో ఇంట్లో తమిళం, కన్నడం మాట్లాడే పిల్లలుంటారు. కన్నడంలో ఊరు, అల్లి కలిస్తే ఊరల్లి. తమిళంలో వీడు, ఇల్లై కలిస్తే వీడిల్లై. అక్కడా పోయేది ఉకారమే.

హల్లు రెట్టించే చోట మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. మనం ద్విత్వం రాస్తే ఒత్తి పలుకుతాం. హాపింగ్‌లో రెండు పీలు రాసేది ముందున్న అచ్చు పొట్టిదని చూపడానికి; ఒకటే రాస్తే హోపింగ్ అయిపోతుంది. దీర్ఘానికి మనకు గుణింతపు గుర్తుంది. ఇంగ్లిష్‌లో ఆ పని చివరి ఈ, జంట హల్లు చూసుకుంటాయి. ఇది తెలియక ఎంతమంది పిల్లలు దెబ్బలు తిన్నారో! బిగినింగ్‌లో రెండు ఎన్‌లు, ఓపెనింగ్‌లో ఒకటే ఎందుకంటే, బిగిన్‌లో ‘గిన్’ మీద ఊని పలుకుతారు, ఓపెన్‌లో ‘ఓ’ మీద. తెలుగు రాతకు ఊనికతో పనిలేదు కాబట్టి దీన్ని చెవికి వినిపించి నేర్పాల్సిందే.

అపవాదాలు లేవా అంటారు. ఉన్నాయి. నోటీసబుల్‌లో అచ్చు ఎదురైనా ఈ నిలిచే ఉంటుంది. అది పోతే ముందున్న సీని ‘క’గా పలకాల్సి వస్తుంది. కారణం చెబితే పిల్లలు మరచిపోరు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో బహుళాలు లేవా, మనం నేర్చుకోలేదా?

రెండు భాషల్లో పాఠ్యపుస్తకాలు వేస్తున్న రాష్ట్రం మనది. ఇంగ్లిష్ వాచకంలో ఈ సంగతులు తెలుగులో వివరించే పేజీ ఒకటి చేర్చాలని ఎస్‌సీఈఆర్‌టీని కోరుతున్నాను. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రానికి పల్లెబడుల్లో కార్డులతో చదువు చెప్పిన అనుభవం ఉంది. కుప్పంలో 1997లో నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయంలో తెలుగు, తమిళం, కన్నడం తెలిసిన పండితులున్నారు. వారు కలిసి సంధి కార్డులు తయారుచేయాలి. తెలుగు పండితులనూ ఇంగ్లిష్ టీచర్లనూ ఒకే శిక్షణలో కూర్చోబెట్టి, వచ్చే జూన్‌లో మా పుంగనూరు బడుల్లోనే మొదలుపెట్టాలి.

— విశ్రాంత తెలుగు పండితుడు, పుంగనూరు