జెండా ఊరిది, ఏలేవారిది కాదు

ఊరి జెండా మీద ఊరి గాయానికి చోటుండాలా? ఉండాలనే అనుకుంది షికాగో. 1917 ఏప్రిల్‌లో నగర మండలి ఆమోదించిన ఆ జెండాను వాలెస్ రైస్ రూపొందించారు. తెల్లని గుడ్డ, రెండు లేతనీలం పట్టీలు, నడుమ వరసగా ఆరు కొనల ఎర్ర నక్షత్రాలు. అంతే! అక్షరం లేదు, అధికార ముద్ర లేదు, ఏ మేయరు బొమ్మా లేదు. పై నీలం పట్టీ మిషిగన్ సరస్సుకూ, షికాగో నది ఉత్తర పాయకూ గుర్తు. కిందిది దక్షిణ పాయకూ, కాలువకూ గుర్తు. మూడు తెల్ల పట్టీలు నగరంలోని ఉత్తర, పశ్చిమ, దక్షిణ ప్రాంతాలు.

మొదట ఉన్నవి రెండు నక్షత్రాలే. ఒకటి 1871 అక్టోబరు నాటి మహా అగ్నిప్రమాదానిది. సుమారు 300 మందిని బలిగొని, లక్ష మందికి నిలువనీడ లేకుండా చేసిన విపత్తు అది. రెండోది, బూడిదలోంచి లేచిన ఆ నగరమే 22 ఏళ్లకు జరుపుకున్న 1893 ప్రపంచ ప్రదర్శనది. వివేకానందుడు ప్రసంగించిన సర్వమత మహాసభ దానికి అనుబంధంగా జరిగిందే. 1933లో మరో ప్రపంచ ప్రదర్శనకు మూడో నక్షత్రం, 1939లో అక్కడి ఒకప్పటి సైనిక స్థావరమైన డియర్‌బోర్న్ కోటకు నాలుగోది చేరాయి. నూరేళ్లలో ఎందరో మేయర్లు వచ్చి వెళ్లారు. జెండాలో నక్షత్రాలు పెరిగాయే తప్ప దాని రూపు మారలేదు. అందుకే జనం దాన్ని టీషర్టుల మీద వేసుకుంటారు, ఒంటిమీద పచ్చబొట్టు పొడిపించుకుంటారు. విధి నిర్వహణలో అసువులు బాసిన అగ్నిమాపక సిబ్బంది శవపేటికల మీద తరచూ కప్పేదీ అదే.

దీనికి పూర్తి భిన్నం ఐడాహో రాష్ట్రంలోని పోకటెల్లో. నినాదం, లోగో, చివరికి ట్రేడ్‌మార్కు గుర్తు కూడా జెండాకెక్కించింది. 2004లో ఉత్తర అమెరికా జెండాల అధ్యయన సంఘం 150 నగరాల జెండాలకు మార్కులు వేయిస్తే షికాగోది రెండో స్థానం, పోకటెల్లోది అట్టడుగు. ఆ ఊరు తప్పు తెలుసుకుని 2017లో కొత్త జెండా తెచ్చుకుంది.

మన సంగతేమిటి? ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ కార్యాలయాలకు అధికార పార్టీ రంగులు పులిమితే 2020లో హైకోర్టు తప్పుపట్టింది, సుప్రీంకోర్టూ దాన్నే సమర్థించింది. 2024లో తెలంగాణ చిహ్నం నుంచి చార్మినార్‌ను, కాకతీయ కళాతోరణాన్ని తీసేస్తారనగానే నిరసనలు రేగాయి, కొత్త చిహ్నం విడుదల ఆగింది. రెండుచోట్లా పొరపాటు ఒక్కటే. ఉమ్మడి గుర్తును గెలిచినవారి సొత్తుగా భావించడం. ఐదేళ్ల అధికారం ఊరి జ్ఞాపకాన్ని తిరగరాసే హక్కును ఇవ్వదు.

పింగళి వెంకయ్య తన జెండా నమూనాను 1921లో గాంధీజీకి అందించింది బెజవాడలోనే. ఆ వారసత్వం ఉన్న నేల మీద నగర చిహ్నాలు గుత్తేదారు గీసిచ్చే లోగోలుగా మిగలకూడదు. ఏ తెలుగు నగరపాలక సంస్థ తన గుర్తును కొత్తగా రూపొందించుకున్నా ముందు పౌరులను అడగాలి. పార్టీ రంగుకూ, నాయకుడి ముఖానికీ అందులో చోటివ్వకూడదు. ఊరి నదినీ, కొండనూ, పడిన కష్టాన్నీ అందులో చూపాలి. బడిపిల్లవాడు చూడకుండా గీయగలిగేంత సరళంగా ఉండాలి. ఒకసారి ఖరారయ్యాక ప్రభుత్వం మారిందని దాన్ని మార్చే అధికారం ఎవరికీ ఉండకూడదు.