నీటి బుడగలకు నూనె వైద్యం

ఉప్పు మానెయ్యమన్నాయన ఒకరు. నూనె తాగమన్నాయన ఇంకొకరు. వరన్నం వదిలి కొర్రలు, అరికలు వండుకొమ్మన్నాయన మరొకరు. మంతెన సత్యనారాయణరాజు, వీరమాచనేని రామకృష్ణ, ఖాదర్ వలీ. కొన్నేళ్లుగా తెలుగింటి పొయ్యి దగ్గర ఈ ముగ్గురు మగవాళ్ల మాటే చెల్లింది. వండేది ఆడది, కుండ మార్చేదీ ఆడదే. మైకు మాత్రం ఆమె చేతికి ఎన్నడూ రాలేదు.

ఇప్పుడు నా తగువు నూనె వైద్యంతో. 2017, 2018లలో రామకృష్ణ సభలకు జనం పోటెత్తారు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ గోళీలు, అన్నం బంద్. ఈ తిండి పేరు కీటో అని వినని ఇళ్లలో కూడా ఈ లెక్క నోటికొచ్చింది. సభల సందడి తగ్గింది, లెక్క మిగిలింది. జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో అదే ఇవాళ ఫోన్లో వీడియోగా తిరుగుతోంది. దానికి దొరికిన కొత్త గిరాకీ నెలసరి తప్పిన ఆడపిల్లలు, థైరాయిడ్ గోళీ మింగే తల్లులు. “నెల రోజులు బువ్వ మానెయ్ చెల్లె, బుడగలు కరిగిపోతయ్” అని పక్కింటి వదిన చెప్తుంది, బట్టల షాపాయన చెప్తాడు, తోటి టీచరమ్మ చెప్తుంది. వీళ్లలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: నువ్వు ఇప్పుడు ఏ మందులు వాడుతున్నవ్?

కీటో బూటకమని నేననను. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే డాక్టరు దీన్ని మూర్ఛరోగుల కోసం ప్రతిపాదించాడు. వైద్యుల కొలతలో, వైద్యుల కాపలాలో పుట్టిన తిండి ఇది. పీసీఓడీ, అంటే అండాశయంలో నీటి బుడగల విషయంలోనూ తర్కం ఉంది. చాలామంది ఆడవాళ్లలో ఇన్సులిన్ ఎక్కువై అండాశయాన్ని రెచ్చగొడుతుంది, మగ హార్మోన్లు పెరుగుతాయి, అండం పూర్తిగా ఎదగక మధ్యలోనే ఆగిపోతుంది. స్కానింగులో బుడగల్లా కనిపించేవి అలా ఆగినవే. నూనె తాగితే కరగడానికి అవి గడ్డలు కావు. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, బరువులో ఐదారు శాతం పోయినా కొందరికి నెలసరి దారిలో పడుతుంది. ఇంతవరకు నిజం.

ఆ నిజానికి ఆధారమేమిటో కూడా చూడండి. 2005లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు రోజుకు 20 గ్రాముల లోపు పిండిపదార్థంతో పీసీఓఎస్ (పీసీఓడీకే ఇంకో పేరు) ఉన్న 11 మందికి ఈ తిండి పెట్టించారు. 24 వారాలు చివరిదాకా నిలిచింది ఐదుగురు. వాళ్ల బరువు సగటున 12 శాతం తగ్గింది, ఇన్సులిన్ సగానికి పైగా పడిపోయింది, ఇద్దరికి గర్భం నిలిచింది. మైకుల ముందు ఈ ఐదుగురి కథే మోగుతుంది. మధ్యలో మానేసిన ఆరుగురి ఊసు ఎవరికి కావాలి? ప్రపంచ నిపుణులంతా కూర్చుని 2023లో రాసిన పీసీఓఎస్ మార్గదర్శకాలు ఫలానా తిండే మేలని చెప్పడానికి రుజువు లేదన్నాయి. ఆ మాట వీడియోలో పెడితే ఎవడు చూస్తాడు!

అసలు ప్రమాదం గోళీల కవరులో ఉంది. పీసీఓడీ ఉన్న వాళ్లలో చాలామందికి ముప్పై, నలభై ఏళ్లకే షుగర్ తోడవుతుంది. గ్లిమిపిరైడ్ అనే షుగర్ గోళీ వేసుకుంటూ అన్నం మానేస్తే షుగర్ పడిపోయి చెమటలు పట్టి కూలిపోతారు. దీన్ని కనీసం మీటరు పట్టిస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ అనే ఇంకో షుగర్ మందు సంగతి ఇంకా దారుణం. 2020లో పేటెంట్ తీరాక ధర పడిపోయి, ఈ మందు చిన్న పట్నాల మెడికల్ షాపుల్లోకీ వచ్చేసింది. ఇది షుగరును మూత్రంలోకి తోసేస్తుంది. దీనికి కీటో తోడైతే రక్తం ఆమ్లమయ్యే ముప్పుంది, మీటరులో మాత్రం షుగర్ దాదాపు మామూలుగానే కనిపించొచ్చు. ఈ రకం మందుల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైతే మన ఊళ్లో ఏం చేస్తారు? గ్యాసని చెప్పి ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ పొడుస్తాడు. మీటరు చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా వరంగల్ ఎంజీఎంకు చేరేలోపు గడిచే ప్రతి గంటకూ లెక్క ఉంది. “అన్ని రోగాలకూ ఒకటే తిండి” అని హామీ ఇచ్చినవాడు ఆ అంబులెన్సులో కూర్చోడు.

థైరాయిడ్ వాళ్లతో ఆడే ఆట వేరు. గ్రంథి తయారు చేయలేని హార్మోన్‌ను కొబ్బరినూనె తయారు చేయదు. తిండి మార్చి గోళీ ఆపేస్తే కొన్ని వారాలు బాగానే ఉన్నట్టుంటుంది, ఒంట్లో పాత నిల్వ ఉంటుంది కాబట్టి. ఆ కొన్ని వారాల హాయినే వీడియోలో సాక్ష్యంగా చూపిస్తారు. పరగడుపున వేసుకోవాల్సిన గోళీ మీద వెన్న కాఫీ తాగితే మందు సరిగా ఒంటికి పట్టదు. ఐరన్, కాల్షియం ఉన్న మల్టీవిటమిన్‌కూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. పీసీఓడీతో జుట్టు ఊడుతోందని బయోటిన్ గోళీలు మింగే అమ్మాయిలైతే థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు అవి ఆపాలి. లేకపోతే చాలా ల్యాబుల్లో రిపోర్టే అబద్ధం చెప్పొచ్చు. టీఎస్‌హెచ్ తక్కువగా కనపడి, డాక్టరు ఉన్న మందూ తగ్గించొచ్చు.

ఇక డ్యూక్‌లో ఆ ఇద్దరికి గర్భం నిలిచిందన్నాను కదా. నెలసరి ఎలాగూ రాదని ధీమాగా ఉన్న అమ్మాయికి ఈ తిండితో గర్భం రావచ్చు, ఆమెకు తెలియను కూడా తెలియదు. గర్భిణికి కీటో తగదు. పిల్లలు కావాలనుకునే ఆడది ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. “పిల్లలు పుడతరు” అని ఆశపెట్టే వాళ్లలో ఎంతమంది ఈ ముక్క చెప్పారు?

ఇంతా చేసి ఈ తిండి ఎవరిది? సర్కారు మనిషికి ఆరు కిలోల బియ్యం ఇస్తుంది. గుడ్లు, పన్నీరు, బాదం, గానుగ నూనె ఇవ్వదు. కేసముద్రం వైపు మిరప తోటల్లో ఎండాకాలం మొదట్లో కాయ ఏరే కూలి మనిషి అన్నం మానిందనుకోండి. కీటో మొదటి రోజుల్లో ఒంట్లోంచి ఉప్పూ నీళ్లూ దిగిపోతాయి. దాని మీద బీపీ గోళీ, నెత్తిన సూర్యుడు. తోటలో కళ్లు తిరిగి పడితే “ఒళ్లు వంగదు” అంటారు తప్ప డైటును ఎవరూ అనరు. భూపాలపల్లి బొగ్గుగని ఇళ్లలో మగాయన మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, నైట్ షిఫ్టు అంటూ తిరుగుతుంటే, ఏ వేళకైనా అన్నం వార్చి పెట్టాల్సింది ఆమే. ఆ గంజి వాసన మధ్య తన కోసం వేరే బాణలి పెట్టుకోవాలి. రెండు నెలలకు విసిగి మానేస్తే “నీకు నిగ్రహం లేదు” అనే బిరుదు కూడా ఆమెకే.

డాక్టర్లను వదిలిపెడతాననుకోకండి. ఈ జనం మైకు వైపు పరుగెత్తడానికి సగం కారణం వాళ్లే. జనగామ, మహబూబాబాద్ ఆడవాళ్లు రైలెక్కి ఆస్పత్రికి చేరి, పూటంతా బెంచీ మీద కూర్చుంటే దొరికేది రెండు నిమిషాలు. “బరువు తగ్గమ్మా” అంటారు. ఎలా తగ్గాలో చెప్పరు. ఇంట్లో ఏం వండుతున్నావని అడగరు. ఆమె జొన్న రొట్టె తింటుందో మూడు పూటలా సన్నబియ్యం తింటుందో తెలియకుండానే చీటీ చింపి ఇస్తారు. ఇదే వైద్యం మా ఆడవాళ్ల గర్భసంచులనూ కోసి పారేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3 శాతం చిల్లర, తెలంగాణలో 8 శాతం పైన. ఆ చరిత్ర మోస్తూ నూనె వైద్యాన్ని చూసి ముక్కు మూసుకునే హక్కు ఎక్కడిది?

మహబూబాబాద్‌కు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచారు. 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ పేరుతో మంగళవారం క్లినిక్‌లు మొదలుపెట్టారు, నెలసరి సమస్యలూ అందులో ఉన్నాయి. ఇన్ని భవనాలు కట్టిన ప్రభుత్వం ప్రతి కాలేజీలో వారానికొక పూట, ఒక డాక్టరునూ ఒక పోషకాహార నిపుణురాలినీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టలేదా? కీటో మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్, మూడు నెలల షుగర్, కిడ్నీ, కాలేయం, కొవ్వు, గర్భ పరీక్ష చేయడం అంత ఖరీదా? ఎవరికి తగదో ముఖం మీద చెప్పడానికి మనిషి కావాలి కదా.

ఆ మనిషిని పెట్టేదాకా ఊరుకోవద్దు చెల్లె. అన్నం మానే ముందు నీ గోళీల కవరు పట్టుకుని ఓపీకి పో. టేబుల్ మీద బోర్లించు. ఈ తిండి మొదలుపెడితే ఏది ఆపాలి, ఏది తగ్గించాలి, ఎన్ని వారాలకు మళ్లీ రక్తం ఇవ్వాలి, వాంతులైతే ఏ నెంబరుకు ఫోన్ చేయాలి, అన్నీ చీటీ మీద రాయమను. రాయను పొమ్మంటే, ఆ మాటే రాసి సంతకం పెట్టమను.