కుట్టుపని: బొంత అంచున అలలు



పాత చీరలను పొరలుగా పేర్చి బొంత కుట్టు విధమును గతమాసమున ముచ్చటించుకొంటిమి. నడిమి భాగము కుదిరిన పిమ్మట మిగులునది అంచుపట్టీ. ఇది చూచుటకు చిన్నపని. కాని ఎన్నో నెలల శ్రమ ఇచ్చటనే చెడును. నాకు జరిగిన దానిని దాచక చెప్పెదను.

మా యత్తగారు కాలము చేసిన మరుసటి యేడు, ఆమె కట్టి విడిచిన నేతచీరలు మూడు కలిపి మా యాడబిడ్డకొఱకు బొంత కుట్టితిని. అంచునకు ఎఱ్ఱని పట్టీ వేసి చాపపై పఱచి చూతును గదా, చుట్టును వేయించిన అప్పడమువలె లేచి యున్నది! తొందరపడి కత్తెర తీసికొని, అల లేచిన చోటులందెల్ల గంట్లుపెట్టి, మడచి కుట్టివేసితిని. ఆనాటికి అలలు అణగినవి. మొదటి ఉతుకునకే గంట్లకడ నూలుపోగులు విడి, పట్టీతోపాటు క్రింది చీరయు చినిగెను. ఆ చీరలు మరల ఏ అంగడిలో దొరకును? మా యాడబిడ్డ ఒక్కమాటయు ననలేదు. అందువలననే నాకు బాధ హెచ్చైనది.

కావున మొదటి మాట యిది: అల కనబడినంతనే కత్తెర పట్టరాదు. కారణమును వెదకవలయును.

అల యేల లేచును? నడిమి భాగము 84 అంగుళముల నిడివి యుండగా దానికి 87 అంగుళముల పట్టీ కుట్టితిమనుకొందము. మిగిలిన 3 అంగుళములకు నేలపై చోటు లేదు. కనుక పైకి లేచును. మనలో పెక్కురు పట్టీని కొలువక, ఒక మూలనుండి కుట్టుకొనుచు పోయి, చివర మిగిలినదానిని కత్తిరింతురు. పని జరుగునప్పుడు చేతిలో నలిగి బొంత అంచు సాగియుండును. పట్టీ ఆ సాగినదానినే అనుసరించును. అంచును నమ్మి కొలిచినను ఇదే ఫలము. బొంత నిజమైన కొలత దాని నడుమనే యుండును.

రెండవ కారణము బట్ట కత్తిరించిన తీరు. పడుగు వెంబడి కత్తిరించిన పట్టీ అంతగా సాగదు. పేక వెంబడి కత్తిరించినది కొంత సాగును. ఐమూలగా కత్తిరించినది మిక్కిలి సాగును. చీర నిడివి వెంబడి నడచునది పడుగు. కావున పట్టీలను చీర పొడవునకే తీయుట మేలు.

మూడవది కుట్టు ఒత్తు. నడుమ వరుసలు దగ్గఱదగ్గఱగా నున్న బట్ట ముడుచుకొనును. పట్టీమీద ఒక్క వరుసయు లేకున్న అది ముడుచుకొనక వదులుగా నిలుచును. నడుమ వేసినట్లే పట్టీమీదను వరుసలు వేయవలయును. కుట్టకముందు తీసిన కొలత కుట్టిన తరువాత నిలువదు గనుక, నడిమి కుట్టు ముగిసిన పిమ్మటనే పట్టీకి కొలత తీయవలయును.

ఇక చేయు విధము. బొంతను సమమైన నేలపై లాగకుండ పఱచుడు. నిడివిని మూడుచోట్ల కొలువుడు: సరిగా నడుమ నొకమాఱు, ఇరుప్రక్కల అంచునకు జానెడు లోపల నొక్కొక్కమాఱు. 84, 84½, 85 వచ్చినచో 84½ అంగుళములు తీసికొనుడు. రెండు నిలువు పట్టీలును అదే కొలతకు, ఒకేమాఱు కత్తిరింపుడు. పట్టీని సగమునకు, మరల సగమునకు మడచి గుర్తులు పెట్టుడు. బొంత అంచునకును అట్లే పెట్టుడు. గుర్తునకు గుర్తు కలిపి గుండుసూదులు గ్రుచ్చి, నడుమ మిగులు వదులును సమముగా సర్ది, కచ్చాకుట్టు వేయుడు. నిలువు పట్టీలు ముగిసిన తరువాతనే అడ్డుకొలత తీసి, అడ్డుపట్టీలు వేయవలయును.

కుట్టుమిషను వాడువారు బొంతను క్రిందను, పట్టీని పైనను ఉంచుడు. మిషను పళ్లు క్రింది బట్టను కొంచెము హెచ్చుగా లోనికి తీసికొనును. సాగిన అంచు దానితో సర్దుకొనును. పట్టీని చేతితో లాగరాదు. క్రొత్తబట్ట పట్టీగా వేయునెడల ముందుగా తడిపి ఆరవేయుడు. లేనిచో ఉతికినపుడు అది కుదించుకొని నడిమి భాగము ఉబ్బును.

కర్ణాటకమున ఉత్తర కన్నడ ప్రాంతపు సిద్దీ స్త్రీలు కవంది యను బొంతను కుట్టుదురు. వారు అంచుకడ మొదలిడి, చుట్టును తిరుగుచు, పాతబట్టల ముక్కలను పఱచి కుట్టి, నడిమికి చేరుదురు. మనము కడపట తలచు అంచును వారు మొదటనే తలతురు.

ఇదివఱకే అలలు లేచిన బొంత యున్నచో, పట్టీ వెలుపలి అంచును అలల వెంబడి కొలిచి నడిమి కొలతతో పోల్చుడు. భేదము అర అంగుళము లోపలైన, అంచును తడిపి, చాపపై అఱచేతితో లోనికి ఒత్తి, నీడను ఆరనిండు. అంగుళము వఱకైన, పట్టీ అంచున సన్నని వరుస వేసి, దారమును మెల్లగా లాగి నడిమి కొలతకు తెచ్చి, ముడివేసి, పైన మఱి రెండు వరుసలు కుట్టుడు. అంతకు మించినచో పట్టీని విప్పుటయే మార్గము. విప్పుటకు ఒక మధ్యాహ్నము పట్టును. కాని చీర దక్కును.

నేనును ఆ బొంతను తెప్పించి, పట్టీ విప్పి, చినిగిన అంచును చుట్టును రెండేసి అంగుళములు లోనికి మడచి, క్రొత్తగా కొలిచి పట్టీ వేసితిని. అది నిడివిని వెడల్పును నాలుగేసి అంగుళములు తగ్గినది గాని, నేలకు అతుక్కొని పఱచుకొనుచున్నది. మా యాడబిడ్డ దానిని చేతితో నిమిరి, “అమ్మ చీర అంచు ఇంకను కనబడుచున్నది వదినా!” యనినది.