కంపెనీల విలీనములు - ప్రజల ఆక్షేపణ

రెండు పెద్ద కంపెనీలు ఒక్కటి యగునపుడు పత్రికలలో వచ్చు వార్త ఎన్ని వేల కోట్లు, షేరు ధర ఎంత అను అంకెలతో ముగియుచుండును. ఆ కంపెనీ తీగె ఎవరి యింటిలోనికి వచ్చుచున్నదో ఆ గృహస్థుని మాట అందుండదు. కేబుల్, ఇంటర్నెట్ కంపెనీల విలీనముల విషయమున ఈ మౌనము మిక్కిలి అనర్థదాయకమని మా యభిప్రాయము. ఏలయన నేడు విద్యార్థి పాఠమును, వర్తకుని లెక్కయు, పౌరుని అర్జీయు, ఊరి వార్తయు ఆ తీగె గుండనే పోవుచున్నవి. దారి యొక్కరి చేతిలో పడిన పిదప దానిపై నడచువారికి ఆక్షేపించు తావు మిగులదు. ప్రజలు ముందుగ మేల్కొనిన నేమగునో, పిమ్మట మేల్కొనిన నేమగునో తెలుపు రెండు ఉదంతములు అమెరికాలో ఒకదాని వెంట నొకటి జరిగినవి. అవి మన పాఠకులు తెలిసికొనదగినవి.

2014 ఫిబ్రవరి 13వ తేదీని అమెరికా కేబుల్ కంపెనీలలో మొదటిదైన కామ్‌కాస్ట్, రెండవదైన టైమ్ వార్నర్ కేబుల్‌ను సుమారు 4,500 కోట్ల డాలర్ల విలువకు తనలో కలుపుకొందునని ప్రకటించెను. కంపెనీవారి ముఖ్యవాద మిది: "మే మిరువురము ఏ యూరిలోను పరస్పరము పోటీపడుట లేదు, కావున మా కలయికచే ఏ గృహస్థునకును లోటు రాదు." వినుటకు సొంపుగనే యున్నది. కాని యొకరి పొలిమేరలో మరియొకరు కాలు పెట్టకయే యింతకాలము వ్యాపారము సాగినదని ఆ మాటయే యొప్పుకొనుచున్నది గదా! పోటీ లేకపోవుట ఒక రోగము. ఆ రోగమునే ఆరోగ్యమునకు సాక్ష్యముగ చూపినచో ఏ న్యాయస్థానము నమ్మును? ఇక ధరల మాట. చందాదారుల బిల్లులు తగ్గునని గాని, వాని పెరుగుదల నెమ్మదించునని గాని తాము వాగ్దానము చేయుట లేదని ఆ కంపెనీ ఉన్నతాధికారియైన డేవిడ్ కోహెన్ ఆ దినముననే చెప్పెను. లాభము కంపెనీకి, జనులకు వాగ్దానమైనను లేదు.

ప్రజలు ఊరకుండలేదు. ఫ్రీ ప్రెస్, పబ్లిక్ నాలెడ్జ్, కన్స్యూమర్స్ యూనియన్ మొదలగు సంఘములును, టెలివిజను రచయితల సంఘమును, సెనేటరు ఆల్ ఫ్రాంకెనును బహిరంగముగ నెదిరించిరి. వేలకొలది చందాదారులు ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషనునకు తమ యాక్షేపణలు పంపిరి. తన వ్యాపారమునకు నష్టము కలుగునని నెట్‌ఫ్లిక్స్ కంపెనీయు వారితో గలిసెను. అనుకూల లేఖలును రాకపోలేదు. కాని రాజకీయనాయకుల పేర వచ్చిన అట్టి లేఖలలో కొన్నింటిని కంపెనీ మనుష్యులే వ్రాసి యిచ్చిరని 2015 జనవరిలో ది వర్జ్ అను పత్రిక బయటపెట్టెను. జనవాక్యమును కృత్రిమముగ తయారుచేయ వలసివచ్చినదన్న, దాని విలువ కంపెనీలకును తెలిసినదే యని గ్రహింపవలెను.

ఆక్షేపించినవారు చూపిన అసలు ప్రమాదము టెలివిజను కాదు, ఇంటర్నెట్. ఆ జనవరిలోనే కమిషను, సెకనుకు 25 మెగాబిట్ల వేగమున్నదే బ్రాడ్‌బ్యాండ్ అని క్రొత్త కొలత పెట్టెను. ఆ కొలతతో చూచినచో దేశమందలి కనెక్షనులలో సగమునకు మించిన భాగము ఒక్క కంపెనీ చేతిలో పడును. ఏ క్రొత్త వ్యాపారి యైనను, ఏ పత్రిక యైనను జనుల యిండ్లకు పోవలెనన్న ఆ గుమ్మము ముందు నిలువవలసినదే. అప్పటి కమిషను అధ్యక్షుడు టామ్ వీలర్ పూర్వము కేబుల్ కంపెనీల సంఘమునకే నాయకత్వము వహించినవాడు. అతడు కంపెనీల పక్షమే వహించునని పలువురు శంకించిరి. అయినను ప్రజాభిప్రాయమును, న్యాయశాఖ పరిశీలనయు ఒక్క త్రోవను నడచినవి. 2015 ఏప్రిల్ 24వ తేదీని కామ్‌కాస్ట్ తన ప్రయత్నమును విరమించుకొనెను. ఆ కంపెనీ ఇంటర్నెట్ సేవలకు తప్పించుకొనరాని ద్వారపాలకుడై యుండెడిదని న్యాయశాఖ ఆనాడే ప్రకటించెను.

రెండవ ఉదంతము దీనికి విరుద్ధము. అదే టైమ్ వార్నర్ కేబుల్‌ను 2016 మే నెలలో చార్టర్ అను కంపెనీ కొనెను. ఈ మారు అధికారులు షరతులు విధించి అనుమతించిరి. వానిలో న్యూయార్కు రాష్ట్రము పెట్టిన షరతు ఒకటి: సౌకర్యము చాలని 1,45,000 ఇండ్లకు, వ్యాపారస్థలములకు తీగెను విస్తరింపవలెను. ఆ షరతు నెరవేరలేదని 2018 జులైలో ఆ రాష్ట్రపు పబ్లిక్ సర్వీస్ కమిషను తన అనుమతినే రద్దుచేసెను. కంపెనీ రాష్ట్రమును విడిచి పోయెనా? పోలేదు. 2019లో రాజీ కుదిరెను. తీగెలును, చందాదారులును వాని చేతిలోనే యుండిరి. పాలును నీళ్లును కలిసిన పిదప వేరుచేయుటకు హంస కావలయును. అట్టి హంస ఏ సర్కారు కచేరీలోను లేదు. కట్టిన గోడను పడగొట్టించుటకంటె కట్టకముందే ఇంజంక్షను తెచ్చుట సులభమని కోర్టు పక్షి యెవ్వడైనను చెప్పును.

ఇక మన దేశపు మాట. 2018 అక్టోబరులో రిలయన్స్ కంపెనీ హాత్‌వే, డెన్ అను రెండు పెద్ద కేబుల్ కంపెనీలలో ఆధిపత్యమునకు చాలిన వాటాలు కొనుచున్నట్లు ప్రకటించెను. ఆ రెంటిలో హాత్‌వే హైదరాబాదువారికి చిరపరిచితము. 2019 జనవరిలో కాంపిటీషన్ కమిషను అనుమతి దొరకెను. ఆ నిర్ణయము మంచిదో చెడ్డదో మే మిచట తీర్పు చెప్పబోము. మేము అడుగున దొక్కటే: ఆ తీగెకు నెలనెల చందా కట్టువారిని ఎవరైన అడిగిరా? మొబైలు రంగమున పదికి తక్కువ కాని కంపెనీలుండిన కాలము మన మెరుగుదుము. కొన్ని కలిసిపోయి, కొన్ని దివాలా తీసి, నేడు ప్రైవేటు రంగమున మూడు మిగిలినవి. 2024 జూన్ నెలాఖరున ఆ మూడును రెండు దినముల వ్యవధిలో ధరల పెంపు ప్రకటించినవి. సంఖ్య తగ్గినకొలది బేరమాడు శక్తి ఎవరి చేతినుండి ఎవరి చేతికి పోవునో దీనివలన తేటపడుచున్నది.

2002 నాటి కాంపిటీషన్ చట్టములో ప్రజలకు బొత్తిగ చోటు లేదనుట సరికాదు. విలీనము పోటీకి హానికరమని కమిషనునకు ప్రథమదృష్టికి తోచినచో దాని వివరములు ప్రకటింపజేసి, బాధితులగువారి వ్రాతపూర్వకమైన ఆక్షేపణలను కోరవచ్చునని 29వ సెక్షను చెప్పుచున్నది. కాని ఆ తలుపు గడియ లోపలివైపున నున్నది. కమిషనునకు అనుమానము కలిగిననే తలుపు తెరచుకొనును; ఆ యనుమానమును కలిగింపగల ప్రజలో, తలుపు వెలుపల నుందురు. 2024 సెప్టెంబరు నుండి అమలులోనికి వచ్చిన సవరణల ప్రకారము ప్రథమాభిప్రాయమునకు 30 దినములు, తుది నిర్ణయమునకు 150 దినములు గడువు. విలీనముల సారాంశములు కమిషను వెబ్‌సైటులో వచ్చుచున్నవి. కాని ఆంగ్లమున, క్లుప్తముగ. తెనాలిలోనో, ఖమ్మములోనో నున్న చందాదారుడు దానిని చదివి, గ్రహించి, నెల లోపల అర్జీ వ్రాయునని తలచుట హాస్యాస్పదము.

ఇది సాధ్యము కాని పని యందురా? మన యింటికి వచ్చు మరియొక తీగెను చూడుడు. విద్యుత్తు రేట్లు నిర్ణయించుటకు ముందు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల విద్యుత్ నియంత్రణ మండళ్లు బహిరంగ విచారణలు జరుపుచున్నవి. రైతు సంఘములవారు, వర్తకులు, సామాన్య వినియోగదారులు అధికారుల యెదుట నిలిచి తెలుగులో తమ యాక్షేపణలు చెప్పుచున్నారు. కరెంటు తీగెకు గల మర్యాద ఇంటర్నెట్ తీగెకేల లేదు? ప్రజలకు ఈ విషయమున ఆసక్తి లేదనుటయు అబద్ధము. ఇంటర్నెట్ సమానత్వమును గూర్చి ట్రాయ్ 2015లో అభిప్రాయములు కోరగా పది లక్షలకు మించిన ఈమెయిళ్లు వచ్చినవి. వాని గడువు ముగిసినది, అమెరికాలో కామ్‌కాస్ట్ వెనుదిరిగిన ఆ ఏప్రిల్ 24వ తేదీననే! తరువాత మరియొక సంప్రదింపు జరిగి, 2016 ఫిబ్రవరి 8వ తేదీని డేటా ధరలలో వివక్షను ట్రాయ్ నిషేధించెను. అడిగిన చోట జనులు పలికిరి. పలికిన చోట ఫలము కలిగెను.

ప్రతి విలీనమును ఎదిరింపవలెనని మా మతము కాదు. ఒంటరిగ నిలువలేని రెండు బలహీన కంపెనీలు కలిసి బ్రతుకుట వలన పోటీ నిలుచుటయు కలదు. 2018లో వొడాఫోన్, ఐడియాలు కలిసినపుడు అట్టి వాదమే వినవచ్చెను. పెద్ద పెట్టుబడి లేనిదే పల్లెలకు తీగె పోదను మాటలోను కొంత సత్యము కలదు. ఆ వాదములను కంపెనీలు జనుల యెదుటనే వినిపింపవచ్చును గదా! సత్యమున్నవానికి బహిరంగ విచారణ యన్న భయమేల?

కావున మేము కోరునవి మూడు. కేబుల్, ఇంటర్నెట్, మొబైలు కంపెనీల విలీనమునకు అనుమతి యిచ్చుటకు ముందే ఆయా రాష్ట్రముల భాషలలో ప్రకటన వెలువడవలెను. రాష్ట్రమునకు ఒక్క చోటనైన బహిరంగ విచారణ జరుగవలెను. షరతులతో అనుమతించినచో ఆ షరతులు నెరవేరినవా లేదా యని ఏటేట నివేదిక ప్రకటింపవలెను.

1921లో చీరాల పేరాల ప్రజలు తమ సమ్మతి లేని మునిసిపాలిటీ పన్నుల నొప్పుకొనక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరు విడిచి, వెలుపల రామనగరమున నెలల తరబడి పాకలలో నివసించిరి. వారికి విడుచుటకు ఊరైన నుండెను. ఒక్క తీగె మాత్రమే వచ్చు వీధిలోని గృహస్థు దేనిని విడిచి ఎచటికి పోవును? పఠనమందిరములవారును, వినియోగదారుల సంఘములవారును ఈ విషయమును చర్చించి, తమ పార్లమెంటు సభ్యునికి ఒక తీర్మానము పంపుదురుగాక. తదుపరి విలీనవార్త ఏనాడైన రావచ్చును. ఆనాటికి మన యర్జీ సిద్ధముగ నుండవలెను.