బాబ్ మార్లే పాట: చేసిందెంత, చేయలేనిదెంత

1978 ఏప్రిల్ 22 రాత్రి. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని నేషనల్ స్టేడియం. పాట మధ్యలో బాబ్ మార్లే ఇద్దరు మనుషుల్ని వేదిక మీదికి రమ్మన్నాడు. ఒకరు ప్రధాని మైకేల్ మాన్లీ, మరొకరు ప్రతిపక్ష నాయకుడు ఎడ్వర్డ్ సియాగా. ఆ ఇద్దరి పార్టీల పేరు చెప్పి పేదవాడల్లో కుర్రాళ్లు ఒకరినొకరు కాల్చుకుని చస్తున్న రోజులవి. మార్లే ఆ ఇద్దరి చేతులూ పట్టుకుని తన తలకంటే ఎత్తున కలిపి నిలిపాడు. పాటకున్న శక్తి గురించి మాట్లాడే ప్రతివారూ ఈనాటికీ ఆ ఫొటోనే చూపిస్తారు.

ఆ తర్వాత జరిగింది ఆ ఫొటోలో కనిపించదు. ఆ కచేరీకి ముందుగా పూనుకున్నది నాయకులు కాదు, రెండు పార్టీల తరఫున వాడలను ఏలుతున్న ముఠాల పెద్దలు క్లాడీ మాసప్, బకీ మార్షల్. చంపుకోవడం ఆపుదామని వాళ్లే అనుకున్నారు. ఏడాది తిరక్కముందే, 1979 ఫిబ్రవరిలో, మాసప్‌ను పోలీసులు కాల్చి చంపారు. మార్షల్ 1980లో న్యూయార్క్‌లో హతమయ్యాడు. అదే ఏడాది ఎన్నికల హింసలో దాదాపు 800 మంది ప్రాణాలు పోయాయి. మొత్తం జనాభా ఇరవై లక్షలు దాటీ దాటని దేశంలో అది ఎంత పెద్ద సంఖ్యో ఊహించుకోవచ్చు.

మార్లే పాటలు ఆశనూ న్యాయాన్నీ దేశదేశాలకు పంచాయని అందరూ అంటారు. ఆ మాట నిజమే. అయితే పంచడం వేరు, సాధించడం వేరు. పాట మనిషిని లేపి నిలబెడుతుందని కొందరంటారు. పాడి, ఊగి, కళ్లు తుడుచుకుని ఇంటికి పోయాక కడుపులో కోపం చల్లారడమే తప్ప ఒరిగేదేమీ లేదని ఇంకొందరంటారు. మార్లే బతికిన ముప్పై ఆరేళ్లలోనూ, పోయిన తర్వాతా రెండు వాదనలకూ గట్టి సాక్ష్యాలే దొరుకుతాయి.

మొదటి వాదనకు అసలు బలం పెద్ద పెద్ద స్టేడియాల్లో కాదు, ట్రెంచ్ టౌన్‌లో ఉంది. 1945లో సెయింట్ ఆన్ ప్రాంతంలోని నైన్ మైల్ అనే కొండపల్లెలో పుట్టిన మార్లే, చిన్నతనంలోనే తల్లితో కింగ్‌స్టన్‌లోని ఈ పేదల వాడకు చేరాడు. అక్కడే పీటర్ టోష్, బన్నీ వేలర్‌లతో జట్టు కట్టాడు. తర్వాత అతను స్వీకరించిన, ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దేవుడిగా కొలిచే రాస్తఫారి విశ్వాసానికి ఆ రోజుల్లో సంఘంలో ఏ గౌరవమూ లేదు. జడలు కట్టిన జుట్టు కనిపిస్తే పని ఇచ్చేవారు కాదు. 1963లో కోరల్ గార్డెన్స్ దగ్గర జరిగిన ఒక ఘర్షణను సాకు చేసుకుని పోలీసులు రాస్తఫారీలను వేటాడారు, కొట్టారు, జైళ్లలో వేశారు, బలవంతంగా జుట్టు కత్తిరించారు. జమైకా ప్రభుత్వం దానికి అధికారికంగా క్షమాపణ చెప్పింది 2017లో. అంటే న్యాయం రావడానికి 54 ఏళ్లు పట్టింది. గౌరవం అంతకంటే చాలా ముందే వచ్చింది. 1981 మేలో మార్లే చనిపోయినప్పుడు, అవే జడలున్న మనిషికి అదే ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. అప్పటికి ప్రధాని అయిన సియాగా నివాళి ప్రసంగం చేశాడు. చట్టం కదలకముందే జనం చూపు మారింది. ఆ మార్పు పూర్తిగా మార్లేది కాకపోవచ్చు, కానీ అతని పాట లేకుండా అంత త్వరగా వచ్చేది కాదని నా నమ్మకం.

మార్లే పాడిన రెగే సంగీతంలో తాళమే మాటకు దారి వేస్తుంది. మామూలుగా బరువు పడే మొదటి దెబ్బను డ్రమ్ము వదిలేస్తుంది. బరువంతా మూడో దెబ్బ మీద పడుతుంది. గిటారు ఆ దెబ్బల సందుల్లో తెంచినట్టు మోగుతుంది. బాస్ గిటారు రెండో గాయకుడిలా రాగాన్ని మోస్తుంది. కార్ల్‌టన్, ఆస్టన్ బారెట్ అనే అన్నదమ్ములు డ్రమ్ము మీద, బాస్ మీద మార్లేకు ఆ నడక ఇచ్చారు. తొందర లేని ఆ నడక ముందు ఒంటికి పడుతుంది, మాట దాని వెనక వస్తుంది. ఆ మాట కూడా బైబిలు కీర్తనలనుంచీ, నిర్గమకాండంనుంచీ వచ్చినది. బానిసత్వంనుంచి బయటికి నడిచిన జనం కథ బానిసల మునిమనవలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పసిఫిక్‌లో భూములు పోగొట్టుకున్న మావోరీలు కూడా ఆ పాటను తమదే అనుకున్నారు. 1979లో మార్లే న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వచ్చి పాడాడు. మావోరీలకు బ్రిటిష్ వారితో జరిగిన ఒప్పందాన్ని గుర్తుచేసే వైతాంగి దినం, మార్లే పుట్టినరోజు రెండూ ఫిబ్రవరి 6నే కావడంతో అక్కడ ఆ రోజు అతని పాటలు గట్టిగా వినిపిస్తాయి.

ఎదుటి పక్షం వేసే ప్రశ్నల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది హైలే సెలాసీ గురించి. 1963 అక్టోబరులో ఇథియోపియా చక్రవర్తి సెలాసీ ఐక్యరాజ్యసమితిలో జాతి వివక్షను ఖండిస్తూ గొప్ప ప్రసంగం చేశాడు. పదమూడేళ్ల తర్వాత మార్లే దాదాపు ఆ ప్రసంగాన్నే 'వార్' అనే పాటగా మలిచాడు. సమితి కాగితాల్లో ఉండిపోవాల్సిన మాటలు సందు సందునా జనం నోట పలికాయి. పాట చేయగల సేవ ఇంతకంటే గొప్పది లేదు. కానీ అదే చక్రవర్తి ఏలుబడిలో 1973లో వొల్లో ప్రాంతంలో వేలమంది కరువుతో చనిపోతుంటే ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. మరుసటి ఏడాది సైన్యం అతణ్ని గద్దె దించింది. రాస్తఫారీలు అతణ్ని దేవుడిగా కొలిచారు, మార్లే జీవితాంతం ఆ నమ్మకంతోనే పాడాడు. న్యాయం పాడే గొంతు ఆకలితో చచ్చిన రైతుల గురించి అడగకపోవడం లోపమే. విశ్వాసం విషయం కదా అని దాన్ని దాటేయడం నాకు సమ్మతం కాదు. అయితే మాట చెప్పినవాడి తప్పు మాటకు అంటదు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష కింద నలుగుతున్నవాళ్లకు ఆ పాట ఎవరి ప్రసంగం అన్నదానికంటే ఏం చెబుతోంది అన్నదే ముఖ్యం.

ఇక జింబాబ్వే. రొడీషియాలో తెల్లవారి పాలన మీద పోరాడుతున్న గెరిల్లాలు మార్లే పాటలు వినేవారు. 1979లో అతను వాళ్ల దేశం పేరు మీదే పాట కట్టాడు, అప్పటికి ఆ పేరుతో దేశం ఇంకా పుట్టలేదు. 1980 ఏప్రిల్ 17 అర్ధరాత్రి రాజధాని సాలిస్‌బరీలోని రుఫారో స్టేడియంలో పాత జెండా దిగి కొత్త జెండా లేచింది. ఆ వేడుకకు బ్రిటన్ తరఫున ప్రిన్స్ చార్లెస్, మన దేశం నుంచి ఇందిరా గాంధీ వచ్చారు. పాడటానికి పిలిచింది మార్లేను. సామగ్రి తరలించే ఖర్చంతా అతనే పెట్టుకున్నాడు. గేట్ల బయట ఉండిపోయిన జనం లోపలికి తోసుకు వస్తుంటే పోలీసులు బాష్పవాయువు వదిలారు. వేదిక మీది వాద్యబృందం కళ్లు మండి దిగిపోయింది, పొగ తగ్గాక మళ్లీ వచ్చి పాడింది. టికెట్లు, ఆహ్వానాలు లేని జనం కోసం మరుసటి రోజు మార్లే ఇంకోసారి పాడాడు. ఒక దేశం పుట్టిన రాత్రి ఆ దేశపు నేల మీద పాడే భాగ్యం ఎంతమంది కవులకు, గాయకులకు దక్కింది?

కానీ మూడేళ్లు గడవకముందే కొత్త ప్రభుత్వపు సైన్యం మటబెలెలాండ్‌లో ఎండెబెలె ప్రజల మీద విరుచుకుపడింది. చనిపోయినవారి సంఖ్య 20,000 దాకా ఉంటుందని అంచనా. మార్లే అప్పటికి లేడు, ఆ నెత్తురు అతని ఖాతాలో రాయలేం. ఆ దేశపు సొంత గాయకుడు థామస్ మప్‌ఫూమో మాత్రం ఉన్నాడు. తెల్లవారి ప్రభుత్వం అతణ్ని షోనా పాటల కోసం జైల్లో పెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక సొంత పాలకుల అవినీతి మీద కూడా పాడి, చివరికి అమెరికాకు వెళ్లిపోయాడు. అతిథిగా వచ్చిన పాట ఉత్సవాన్ని వెలిగించగలదు. పాలకుణ్ని ఏళ్ల తరబడి నిలదీసే పని ఆ నేల మీద బతికే పాట చేయాలి. ఈ తేడా మార్లేను తగ్గించదు. అతని పాటనుంచి ఎంత ఆశించవచ్చో చెబుతుంది, అంతే.

మార్లేతో పాటు పాడి విడిపోయిన పీటర్ టోష్‌ది ఇంకో వాదన. హక్కులు సమానం కాకుండా శాంతి గురించి మాట్లాడటం వ్యర్థమని 1977లోనే అతను పాట రాశాడు. 1978 నాటి ఆ శాంతి కచేరీలోనే, మార్లే నాయకుల చేతులు కలపడానికి ముందు, టోష్ వాళ్ల ఎదుటే నిలబడి పేదలను అణచే పోలీసుల గురించీ వ్యవస్థ గురించీ కడిగిపారేశాడు. కొన్ని నెలలకే పోలీసులు అతణ్ని పట్టుకుపోయి చావబాదారు. ఇద్దరిలో ఎవరిది సరైన దారి అని అడిగితే, ఆ రాత్రి నిజం చెప్పింది టోష్ అంటాను. కానీ మార్లేను పిరికివాడనడం అన్యాయం. 1976 డిసెంబరు 3న అతని ఇంట్లో చొరబడి కాల్పులు జరిపితే అతనికీ, భార్య రీటాకూ గాయాలయ్యాయి, మేనేజరు డాన్ టేలర్ చావు అంచుల దాకా వెళ్లాడు. రెండు రోజులకే మార్లే ఆ గాయాలతోనే బహిరంగ వేదిక ఎక్కి పాడాడు.

కింగ్‌స్టన్‌లో ఓడిన పాట సాలిస్‌బరీలో ఎందుకు గెలిచినట్టు కనిపించింది? పాట రెండుచోట్లా ఒకటే. జింబాబ్వేలో దాని వెనక ఏళ్లుగా పోరాడుతున్న జనం, వాళ్ల సంఘటిత శక్తి ఉన్నాయి. కింగ్‌స్టన్‌లో ఎవరి పార్టీల పేరు మీద తుపాకులు పేలాయో ఆ నాయకులే వేదిక ఎక్కి చేతులు కలిపారు, కింద ఉపాధి లేని కుర్రాళ్లకు మారిందేమీ లేదు. తెలంగాణ సాయుధ పోరాటకాలపు పాటలు తెలిసినవారికి ఇది వివరించనక్కరలేదు. సుద్దాల హనుమంతు పాట ఊళ్లను కదిలించింది, ఊరూరా సంఘం ఉంది కనుక.

మార్కెట్ చేసిన పని గురించి మాత్రం నాకు రెండు మాటలు లేవు. 1973లో వచ్చిన 'క్యాచ్ ఎ ఫైర్' పాటలకు ఐలాండ్ రికార్డ్స్ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ లండన్‌లో రాక్ గిటారు కలిపించడాన్ని నేను తప్పు పట్టను, అలా కలపకపోతే ఆ పాట అంతదూరం వెళ్లేది కాదేమో. 1984లో, మార్లే పోయాక, వచ్చిన 'లెజెండ్' సంగతి వేరు. తెల్లజాతి శ్రోతలకు నచ్చేలా అని అందులో పాటలు ఏరారు. రెండున్నర కోట్లకు పైగా అమ్ముడుపోయిందని చెప్పే ఆ సంకలనంలో మొదట ఉన్నవి 14 పాటలు. తిరగబడమనే పాట ఒకటీ అరా ఉన్నా, 'వార్' లేదు, 'జింబాబ్వే' లేదు, 1979 నాటి 'సర్వైవల్' ఆల్బంనుంచి ఒక్క పాట కూడా లేదు. తర్వాత జమైకా పర్యాటక శాఖ అతని 'వన్ లవ్' పాటను సముద్రతీరాల ప్రకటనకు వాడుకుంది. ఆశ మిగిలింది, న్యాయం తగ్గింది. పాట జనాన్ని నిద్రపుచ్చుతుందనే వాదన ఎక్కడైనా నిజమైతే ఇక్కడే నిజం, దానికి బాధ్యత పాడినవాడిది కాదు, ఏరి అమ్మినవాళ్లది.

ఆ పాటలు రాజ్యాలను మార్చలేదు, హత్యలు ఆపలేదు. చిన్నచూపుకు గురైన జనానికి తల ఎత్తుకునే ధైర్యం ఇచ్చాయి, ఆ ధైర్యాన్ని పోరాటంగా మార్చుకున్నచోట పోరాటానికి తోడు నిలిచాయి. అది చిన్న పని కాదు. మార్లే అంటే 'లెజెండ్' అనుకునేవారు దయచేసి 'సర్వైవల్' కూడా మొదటినుంచి చివరిదాకా వినండి. దాని అట్ట మీద ఆఫ్రికా దేశాల జెండాలు ఉంటాయి, పేరు వెనక బానిసల ఓడలో మనుషుల్ని పేర్చిన చిత్రం ఉంటుంది. అతను ఏం అడిగాడో అక్కడ పూర్తిగా వినిపిస్తుంది.